ఇందూరు దర్శనం, భోజనంతో సహా

(ఈ మధ్య ఏ ఊరికి పోయినా దాన్ని ఎవరూ చూపించరట, ‘అనుభవింపజేస్తారట’. ఆ జబ్బు ఇందూరు దాకా, అంటే నిజామాబాద్ దాకా వచ్చింది. స్థలం: బోధన్, శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా చాయ్ హోటల్. పాత్రలు: కొత్త విజిటింగ్ కార్డూ పాత సుమో ఉన్న టూరు తమ్ముడు, సెలవు మీద వచ్చిన అమెరికా అల్లుడు, ఒకప్పుడు చెరకు కాటా దగ్గర గుమాస్తాగా చేసిన చక్కెర కాకా.)

తమ్ముడు: సార్, మనది మామూలు టూరు కాదు. పొద్దుగాల ఖిల్లా అనుభవం, పగటికి చక్కెర అనుభవం, పొద్దుగూకే యాళ్లకు అలీసాగర్ అనుభవం.

కాకా: చక్కెర అనుభవం అంటే ఏందిరా?

తమ్ముడు: గీ నిజాం షుగర్సే కాకా. 1937 నాటిది. ఒకప్పుడు ఆసియాలనే పెద్దదంటరు.

కాకా: 2015 డిసెంబర్ల మూతవడె గద!

తమ్ముడు: గందుకే! మూతవడ్డ ఫ్యాక్టరీ అనుభవం. మనిషికి తొమ్మిదొందలు.

కాకా: నాకు అప్పటిసంది ఫ్రీగనే అయితున్నది బిడ్డా.

అల్లుడు: లోపలికి తీసుకెళ్తావా?

తమ్ముడు: గేటు బయటి నుంచే సార్. ఫొటోల పొగగొట్టం మస్తు కనవడ్తది.

కాకా: మరి ఖిల్లాల ఏం జూపిస్తవ్?

తమ్ముడు: దాశరథిగారిని పెట్టిన జైలు. గోడ మీద బొగ్గుతోని పద్యాలు రాసిండు గద.

కాకా: ఏ గోడ మీద?

తమ్ముడు: గోడ అంటే... గోడనే. ఏదో ఒకటి జూపిస్త.

కాకా: తలా ఒక బొగ్గుముక్క గూడ ఇయ్యి, వీళ్లు గూడ రాసుకుంటరు.

తమ్ముడు: (ఫోన్‌లో రాసుకుంటూ) బొగ్గు... అనుభవం. మంచిగ జెప్పినవ్ కాకా. నూటయాభై పెట్టొచ్చు.

కాకా: సంకెళ్లు గూడ ఎయ్యరాదు?

తమ్ముడు: సంకెళ్లు... మూడొందలు.

అల్లుడు: మరి నిజాంసాగర్?

తమ్ముడు: 2016ల అది కామారెడ్డి జిల్లాకు పోయింది సార్. అవుట్‌స్టేషన్ కిందికొస్తది. ఎక్స్‌ట్రా.

కాకా: మంజీర నీళ్లకు ఆ సంగతి ఎరుక లేదు, అట్లనే పారుతున్నయి.

అల్లుడు: నవ్వకండి కాకా. అమెరికాలో ఇలాంటివాటికే జనం లైన్ కడతారు. మిన్నియాపోలిస్‌లో పెద్ద పిండిమిల్లు ఉండేది. 1965లో మూతపడింది, 1991లో తగలబడింది. ఆ మొండిగోడల మధ్యనే 2003లో మ్యూజియం తెరిచారు. పెద్ద లిఫ్టులో కూర్చోబెట్టి అంతస్తుకొకచోట ఆపుతారు. అక్కడ పనిచేసినవాళ్ల గొంతులు వినిపిస్తారు.

కాకా: ఎవరి గొంతులు? పనిచేసినోళ్లయా?

అల్లుడు: అవును.

కాకా: ఇన్నవారా తమ్మీ? వాళ్లు గేటు బయట నిలవెట్టి ఫొటో దింపుకోమనలే. చెరకు కోసినంక ఒక్క దినంల గానుగల పడకుంటే తీపి దిగిపోతది. గది ఎరుకనా నీకు? గందుకే రాత్రంత బండ్లు లైన్ల ఉంటుండె. ఎడ్లు నిలవడే కన్ను మూస్తుండె, రైతు నొగ మీద తలవెట్టి కన్ను మూస్తుండె. కాటా కాడ నేను పేరు పిలిస్తే ముందుగాల ఎద్దే లేస్తుండె! పిప్పి బాయిలర్లకు, మడ్డి సారా బట్టీకి. ఏదీ పారేసుడు లేకుండె. 2002ల ప్రైవేటోళ్ల చేతికి పోయె. ఎన్నికలొచ్చినప్పుడల్లా తెరుస్తమంటరు. గా మాటకు గూడ టికెట్ పెట్టు, గది గూడ చూడవల్సిందే. పొగగొట్టం ఏం జెప్తదిరా? జెప్పెటోళ్లు గీ బెంచీ మీద కూసున్నరు. ఒక్కన్నన్న అడిగినవా?

తమ్ముడు: (ఫోన్ దగ్గరికి జరిపి) మల్లొకపారి జెప్పు కాకా, ఎద్దు కాడి నుంచి. ఆడియో గైడ్ చేద్దాం.

కాకా: నాకెంత ఇస్తవ్?

తమ్ముడు: నీకు పైసలెందుకు కాకా? నీకు అనుభవం.

అల్లుడు: ఇంతకీ భోజనం ఉందా ప్యాకేజీలో?

కాకా: భోజనం అంటే యాదికొచ్చింది. బోధనే ఏకచక్రపురం అంటరు గద. భీముడు బకాసురున్ని సంపింది ఈడనేనట. ఈ ఊర్ల మొట్టమొదటి ప్యాకేజీ గదే. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. ఇంటింటికి వంతు.

తమ్ముడు: (ఊపిరి బిగబట్టి) బకాసుర థాలీ!

అల్లుడు: అన్‌లిమిటెడా?

తమ్ముడు: బండి నిండ సార్! దున్నపోతుల జాగల చికెన్ పెడ్దాం. పన్నెండొందలు. ఎడ్లబండి మీదనే తీస్కపోతం.

కాకా: ఎడ్లబండి ఇప్పుడు ఏడ దొరుకుతదిరా?

తమ్ముడు: సుమోకు గడ్డి కడ్త.

అల్లుడు: బాగుంది. మా బావమరుదుల్ని కూడా రాసుకో, మొత్తం ఆరుగురం. తిరిగి ఇంటి దగ్గర దింపుతావు కదా?

కాకా: ఆ ప్యాకేజీల దింపుడు ఉండది అల్లుడా.

తమ్ముడు: (రాసుకుంటూ) డ్రాపింగ్... ఎక్స్‌ట్రా.