గోడ మీద నీతి

మన కంపెనీల్లో నీతికి కొదవ లేదు. రిసెప్షన్ గోడ మీద ఫ్రేము కట్టించుకుని భద్రంగానే ఉంటుంది. అమెరికాలో ఎన్రాన్ కంపెనీ 2000లో ఉద్యోగులకు పంచిన నియమావళి 64 పేజీలు. అంతకు ముందు ఏడాదే, తమ ఆర్థికాధికారి ఫాస్టో ఆ కంపెనీతోనే సొంత లావాదేవీలు నడుపుకునేందుకు వీలుగా, అప్పటి నియమావళిని డైరెక్టర్ల బోర్డు తీర్మానం చేసి మరీ పక్కన పెట్టింది. (పద్ధతి ప్రకారం తప్పడమంటే ఇదే!) 2001 డిసెంబరుకల్లా కంపెనీ దివాలా. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ 2008లో సుపరిపాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. 2009 జనవరి 7న లెక్కలన్నీ బూటకమని ఛైర్మనే లేఖ రాశారు. నెమలి వెనక్కి ఎగిరిపోయింది.

ఎవరో ఒకరిద్దరు చెడితే నియమాలదా తప్పు అంటారు కొందరు. మరి అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకులో ఖాతాదారులకు తెలియకుండా ఖాతాలు తెరిచినందుకు ఉద్వాసన పలికింది సుమారు 5,300 మందికి! ఒక్కో ఖాతాదారుకు ఎనిమిదేసి ఉత్పత్తులు అంటగట్టమన్న టార్గెట్ మాత్రం పై అంతస్తు నుంచి దిగింది. నీతి పాఠం గుమాస్తాకు, బోనస్ దొరగారికి. అసలు నియమాలే లేకపోతే ఇంకా అధ్వానం కదా? నిజమే, ఉండనివ్వండి. కాకపోతే ఈసారి హెచ్‌ఆర్ వారు పెట్టే నైతిక విలువల శిక్షణలో ముందు బెంచీ మీద డైరెక్టర్లను కూర్చోబెట్టండి, హాజరు కూడా తీసుకోండి.