చేపల తొట్టికి తలకిందుల సలహాలు

తొలకరి పడిందంటే చాలు, మా హైదరాబాద్ హబ్సిగూడలో పెరటి తొట్టిలో చేపలు పెంచేవాళ్ళంతా అడిగేది ఒక్కటే: "పాము రాకుండా ఏం చేయాలి సార్?" రానివ్వండి అంటాను. ఆ మాటకు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. నా సలహాలన్నీ ఇలా తలకిందులుగానే వినిపిస్తాయి. పన్నెండేళ్ళు ఒకే తొట్టి పక్కన కూర్చుని నేర్చుకున్నవి కాబట్టి వాటిలో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

ముందు మనం ఎక్కడ కాపురం ఉంటున్నామో చూసుకోండి. ఒక పక్క ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ పరిశోధన సంస్థల ఆవరణల్లోని చెట్లు. తార్నాక దాటితే వెయ్యి ఎకరాలకు పైబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, అందులో బండలు, తుప్పలు, నెమళ్ళు. ఇటు రామంతాపూర్ చెరువు, అటు నాచారం చెరువు. ఈ చెరువులూ తుప్పలూ కుంచించుకుపోతుంటే వాటి నడుమ మనం ఇళ్ళు కట్టుకున్నాం. 2020 అక్టోబరు వానలకు మా వీధుల్లో నీళ్ళు నిలిచినప్పుడు ఆ చెరువుల దారి ఏదో అందరికీ తెలిసొచ్చింది. పాముకు ఆ దారి ఎప్పటినుంచో తెలుసు. నడిమధ్యలో మనం ఎనిమిది అడుగుల తొట్టి కట్టి, నీళ్ళు నింపి, చేపలు వేశాం. పాము రావడంలో వింతేముంది?

1. వల తీసేయండి

అందరూ మొదట చేసే పని వల కట్టడం. తొట్టి కట్టిన రెండో ఏడు కొంగల భయంతో నేనూ సన్న నైలాన్ వల కట్టాను. శ్రావణమాసంలో ఒక తెల్లవారుజామున నీళ్ళ చప్పుడు విని వెళ్ళి చూస్తే, మూడడుగుల నీరుకట్టె పాము ఒకటి వలలో చిక్కుకుని ఉంది. మా అమ్మాయి టార్చి పట్టుకుంది. పాము పొలుసులు తోకవైపు వాలి ఉంటాయి. అందుకే వల కంతలోంచి ముందుకు జారిపోతుంది గానీ వెనక్కి రాబోతే దారం పొలుసుల కింద పట్టేస్తుంది. విడిపించుకోబోయి పక్క కంతలో దూరుతుంది, తర్వాత ఇంకో దాంట్లో. తల వెనక మూడు చోట్ల దారం చర్మాన్ని కోసుకుని లోపలికి దిగింది. గోళ్ళ కత్తెరతో ఒక్కో పోగూ కోయడానికి నలభై నిమిషాలు పట్టింది. "నాన్నా, పొట్ట కదులుతోంది" అంటూనే ఉంది మా అమ్మాయి. ఎండపొడ తగిలేసరికి ఆ కదలిక ఆగిపోయింది.

ఆ రోజు తొట్టిలో చేపలన్నీ క్షేమంగానే ఉన్నాయి. వాటిని చూసి సంతోషించలేకపోయాను.

పిల్లచేపలకు మూత తప్పదనుకుంటే చెక్క చట్రానికి అర సెంటీమీటరు కంతల ఇనుప జాలీ బిగువుగా కొట్టించి, తొట్టిలో ఒక మూల మాత్రమే కప్పండి. వదులుగా వేలాడే నైలాన్ వల మాత్రం వద్దు. అది పామును ఆపదు, పట్టి చంపుతుంది. తొండకూ పిట్టకూ అదే గతి.

2. అందమైన చేపలు కొనకండి

ఎర్ర గోల్డ్‌ఫిష్, తెల్లమచ్చల కోయి పైనుంచి చూడ్డానికి బాగుంటాయి. మనకు బాగా కనిపించే చేప గుడ్డికొంగకూ లకుముకి పిట్టకూ అంతే బాగా కనిపిస్తుంది. చెరువులో పుట్టిన చేపకు వీపు నల్లగా, పొట్ట తెల్లగా ఎందుకుంటుందో ఆలోచించండి. పైనుంచి చూసే పిట్టకు నల్లటి వీపు అడుగు మట్టిలో కలిసిపోతుంది, కిందినుంచి చూసే పెద్ద చేపకు తెల్లటి పొట్ట వెలుగులో కలిసిపోతుంది. మనం ముచ్చటపడి పెంచిన రంగు ఆ రక్షణను తీసేసింది. నా మాట విని బూడిదరంగు పరకలు వేసుకోండి. రంగు కావాలంటే గప్పీలు వేయండి. అవి నెలకోసారి పిల్లల్ని పెడతాయి కాబట్టి నాలుగు పోయినా తొట్టి ఖాళీ కాదు. గప్పీ దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. ఎక్కువయ్యాయని నాలాలోనో చెరువులోనో మాత్రం వదలకండి.

కొర్రమీను మన రాష్ట్ర చేపే. అయినా తొట్టిలో వేయకండి, మిగతా చేపల్ని అదే మింగేస్తుంది.

3. నీళ్ళు తేటగా ఉండాలని పట్టుబట్టకండి

వారం వారం తొట్టి తోమి, అద్దంలా ఉంచేవాళ్ళ చేపలే ముందు పోతాయి. నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉండనివ్వండి. మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి మసగ్గా కనిపించాలి. అదీ కొలత. అరచెయ్యి అసలే కనిపించకపోతే పాచి మితిమీరినట్టే. అప్పుడు తెల్లవారుజామున నీళ్ళలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. పావువంతు నీళ్ళు మార్చండి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లలో నిలవుంచి పోయండి.

సగం తొట్టిని కలువ ఆకులు కప్పాలి. అడుగున చిల్లుల ఇటుకలు నాలుగు, ముప్పాతిక అంగుళం పైపు జానెడు ముక్కలు ఇరవై కట్టగట్టి పడేయండి. చిన్న చేప అందులో దూరుతుంది, ఎదిగిన నీరుకట్టె దూరలేదు. మూడంగుళాల పైపు మాత్రం వేయకండి. పాము కూడా అందులోకి వస్తుంది, చేపకు తప్పించుకునే దారుండదు.

కొంగ నీళ్ళలో నిలబడి వేటాడుతుంది. కాళ్ళకు నేల తగలకపోతే దాని పని కష్టం. అందుకే గట్టు పక్కనుంచే రెండున్నర, మూడడుగుల లోతు ఉండాలి. పిల్లి గట్టు మీద కూర్చుని పంజా చాస్తుంది. నీళ్ళు గట్టుకు అడుగు కిందికి ఉంటే పంజా అందదు.

4. మేత తగ్గించండి

ప్రేమకొద్దీ గుప్పెడు మేత వేస్తాం. చేప తినగా మిగిలింది కుళ్ళి నీళ్ళను పాడుచేస్తుంది. గట్టున పడింది ఎలుకల్ని పిలుస్తుంది. ఎలుక వెనక నాగుపాము వస్తుంది. మీరు భయపడాల్సింది ఆ పాముకు, చేప కోసం వచ్చేదానికి కాదు. అయిదు నిమిషాల్లో తినేసేంత మేత చాలు. వారానికి ఒక రోజు అసలు వేయకండి. చేపది చల్లని నెత్తురు, మనలా పూటపూటకూ తినక్కర్లేదు.

కాస్త ఆకలిగా ఉన్న చేప దోమ పిల్లల్ని వెతికి తింటుంది. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. బేగంపేటలోని ఆ భవనం ఇవాళ ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందే ఉంది. ఆ ఊళ్ళో ఉంటూ పెరట్లో నీళ్ళు నిలవుంచుకున్నవాళ్ళకు ఈ సంగతి పట్టాలి.

5. దీపం ఆర్పేయండి

రాత్రి లైటు వేసి ఉంచితే పాములు రావని కాలనీలో ఒక నమ్మకం. లైటుకు పురుగులు చేరతాయి. పురుగులకు కప్పలు, కప్పలకు నీరుకట్టె. మా తొట్టి మీది బల్బు తీసేశాక గట్టు మీద కప్పలు పలచబడ్డాయి. రాత్రిపూట మీరు అటు వెళ్ళాలంటే టార్చి పట్టుకుని, చెప్పులు వేసుకుని, అడుగు గట్టిగా వేస్తూ వెళ్ళండి. పాముకు చెవి రంధ్రాలు లేకపోయినా నేల అదురు తెలుస్తుంది, తప్పుకుంటుంది.

6. ఏ మందూ చల్లకండి

"నాలుగు నాఫ్తలీన్ ఉండలు వేయండి అన్నయ్యగారూ" అంటుంది పక్కింటి చెల్లెమ్మ. కిరసనాయిలంటారు ఒకరు, కార్బాలిక్ యాసిడ్ అంటారు ఇంకొకరు, గంధకం, వెల్లుల్లి, ఫినాయిలు. పాము నాలుకతో వాసన పడుతుంది, నిజమే. ఆ మాటను పట్టుకునే ఇవన్నీ పుట్టాయి. నాఫ్తలీన్ ఉండల పక్కనుంచి పాము పాక్కుంటూ పోవడం నా కళ్ళతో చూశాను. ఒక్క వాన పడితే ఆ మందంతా కొట్టుకుని తొట్టిలోకే చేరుతుంది. నాఫ్తలీన్, కార్బాలిక్ యాసిడ్, కిరసనాయిలు, ఫినాయిలు చేపలకు విషాలు. పాము నాలుగు చేపల్ని తింటుంది. మందు మొత్తం తొట్టిని తినేస్తుంది.

7. పాముకు దారి వదలండి

గోడ కంతలన్నీ మూయించాలని చూడకండి. లోపలున్నది బయటికి పోలేక ఇంట్లో దూరుతుంది. ఇంటి గుమ్మం వైపు కంతలు మూయండి, పెరటి చివరన తూము తెరిచి ఉంచండి. గుమ్మం దగ్గర ఇటుకల కుప్ప, కట్టెల మోపు ఉంచకండి. తొట్టిలో బెత్తెడు వెడల్పు గరుకు చెక్క ఒకటి వాలుగా పెట్టండి. జారిపడ్డ ఉడుతా కప్పా మునిగి చావకుండా ఎక్కివస్తాయి.

నీరుకట్టెను గుర్తుపట్టడం నేర్చుకోండి. ఒంటి మీద చదరంగం గళ్ళు, కంటి కింద వాలుగా రెండు నల్ల గీతలు. బెదిరిస్తే మెడ చదును చేసి లేస్తుంది. నాగుపామని చెప్పి దాన్ని కొట్టి చంపేది అందుకే. దానికి విషం లేదు. కోపం ఎక్కువ, కరిస్తే నెత్తురు కారుతుంది. 1796లో పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేసినప్పుడు ఇక్కడి జనం పిలిచే పేర్లు కూడా రాసుకున్నాడు. కట్లపాము శాస్త్రీయ నామంలో బంగారస్ అన్నది మన 'బంగారు' మాటే. మన పెద్దలకు ఒక్కో పాముకూ ఒక్కో పేరుండేది. మనకు అన్నీ కలిపి 'పాము', చేతిలో కర్ర.

పోల్చుకోలేకపోతే దగ్గరికి వెళ్ళకండి. ఇంట్లో దూరిందా, నాగుపామా, రక్తపింజరా అన్న అనుమానం వస్తే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళను పిలవండి, పట్టి దూరంగా వదిలేస్తారు. పాముల్ని చంపడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఏ పాము కరిచిందో తెలియకపోతే విషపుదనే అనుకోండి. కట్టు బిగించకండి, కోయకండి, కరిచిన కాలో చెయ్యో కదపకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళండి.

8. చేపల్ని లెక్కపెట్టకండి

ఒకప్పుడు రోజూ పొద్దున్నే లెక్కపెట్టేవాణ్ణి. ఒకటి తగ్గితే ఎవరి మీదో కోపం వచ్చేది, పిల్లి మీదో, కొంగ మీదో, వాచ్‌మన్ మీదో. తర్వాత తెలిసింది, నా చేపలు ఎక్కువగా పోయింది నా చేతిలోనే. ఇరుకు తొట్టిలో ఎక్కువ వేసి, ఎక్కువ మేపి, ఒకేసారి నీళ్ళన్నీ మార్చి చంపుకున్నవే ఎక్కువ. తూనీగ పిల్లలు కూడా నీళ్ళ అడుగున ఉండి చేపపిల్లల్ని పట్టి తింటాయి. తూనీగల్ని చూసి మురిసిపోయే మనకు ఆ సంగతి తెలియదు.

పోయినేడాది ముసురు రోజుల్లో నీరుకట్టె ఒకటి వారం పాటు వచ్చింది. కలువ ఆకుల మధ్య తల పైకి పెట్టి, చాలాసేపు కదలకుండా ఉండేది. తర్వాత ఇటుకల చుట్టూ తిరిగి, ఒక్కో చిల్లులో నాలుక ఆడించి చూసేది. ఒక సాయంత్రం ఒక పరక దొరికింది, తలవైపు నుంచి మింగింది. ఎనిమిదో రోజు నుంచి రాలేదు. ఇటుకల్లో చేపలు మిగిలే ఉన్నాయి. కాపలాతో బతకవు చేపలు, దాక్కునే చోటుంటే బతుకుతాయి.

ఇటుకలు, పైపు ముక్కలు తర్వాత తెచ్చుకోవచ్చు. ఈ ఆదివారం ముందు కత్తెర తీసుకుని వల దగ్గరికి వెళ్ళండి. పాము చిక్కుకోకముందు కోస్తే రెండు నిమిషాల పని.