పిస్తోలు స్కోపు సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: “తీసుకుంటె త్రీ-నైన్-ఫార్టీ స్కోపే తీసుకోవాలె సార్, పిస్తోలైతేంది, రైఫిలైతేంది!”

అవతారిక: మెదక్ పట్టణంలో గాలి పిస్తోలు కొనదలచినవానికి, అడిగినా అడగకపోయినా, నలుగురూ ఉపదేశించే ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు గాని, దీని ప్రామాణ్యాన్ని శంకించినవాడు మాత్రం కానరాడు.

టీక: ‘సార్’ అనే సంబోధన, ‘తీసుకోవాలె’ అనే విధి సుగమాలు. ‘త్రీ-నైన్’ అనగా లక్ష్యాన్ని మూడు రెట్ల నుంచి తొమ్మిది రెట్ల వరకు పెంచి చూపే శక్తి. ‘ఫార్టీ’ అనగా ముందు కటకం వ్యాసం 40 మిల్లీమీటర్లు. క్లిష్టమైనది ‘పిస్తోలైతేంది’ అనే పదం. రైఫిల్ స్కోపులో బొమ్మ నిండుగా కనబడాలంటే కన్ను దానికి సుమారు 8 నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి; ఈ దూరాన్నే ఐ రిలీఫ్ అంటారు. పిస్తోలు చాచిన చేతి చివర ఉండే వస్తువు కనుక, సూత్రకారుని మతంలో కొన్నవాడు పిస్తోలును ముక్కు దగ్గరికి తెచ్చుకోవాలి, లేదా కన్నునే మణికట్టు దాకా పంపాలి. పైగా తొమ్మిది రెట్లు పెరిగేది లక్ష్యం ఒక్కటే కాదు, చేతి వణుకు కూడా అంతే పెద్దదై కనబడుతుంది. దీనిని గూర్చి సూత్రం మౌనం వహించింది.

విశేషం: వ్యాఖ్యానమనేది ఎలా ఉండాలో మెదక్ సీమకు ఒకరు చెప్పవలసిన పని లేదు. మెదక్‌కు చేరువలోని కొల్చారమే కోలాచలం మల్లినాథసూరి ఊరని ప్రసిద్ధి. కాళిదాసు కావ్యాలకు సంజీవనిని, మాఘునికి సర్వంకషను, శ్రీహర్షునికి జీవాతువును, భారవి కిరాతార్జునీయానికి ఘంటాపథాన్ని రచించిన ఆ మహానుభావుడు భారవి పలుకును కొబ్బరికాయతో పోల్చి, పెంకు పగులగొట్టి రసం అందించే పనిని తన మీద వేసుకున్నాడు. కిరాతార్జునీయమే విలువిద్య తగవు గల కావ్యం: ఒకే వరాహం మీద అర్జునుడూ కిరాతవేషంలోని శివుడూ బాణాలు వేయగా, చంపిన బాణం ఎవరిదన్న వాదం యుద్ధంగా మారి, పాశుపతాస్త్ర ప్రదానంతో ముగుస్తుంది. ఇద్దరిలో ఎవరి వింటికీ స్కోపు లేదు. గురి తప్పినట్లు ఏ పక్షమూ ఆరోపించలేదు. మల్లినాథుడు ఆధారం లేనిదేదీ వ్రాయననీ, అవసరం లేనిదేదీ చెప్పననీ ప్రతిజ్ఞ చేసి పని మొదలుపెట్టాడు. ప్రస్తుత వ్యాఖ్య ఆ ప్రతిజ్ఞలో రెండవ భాగాన్ని ఇప్పటికే ఉల్లంఘించింది. స్కోపు సూత్రమైతే రెండింటినీ ఒకే వాక్యంలో ఉల్లంఘించింది.

ప్రకృతానికి వస్తే, పిస్తోలుకు తగినది రెడ్ డాట్. అద్దంలో ఎర్రని చుక్కను చూపే ఈ సాధనం లక్ష్యాన్ని పెంచదు, కన్ను ఎంత దూరాన ఉన్నా పనిచేస్తుంది. చుక్క పరిమాణాన్ని మినిట్లలో, అనగా డిగ్రీలో 60వ వంతుల్లో కొలుస్తారు; 10 మీటర్ల దూరాన ఒక మినిట్ సుమారు 2.9 మిల్లీమీటర్లు. నాలుగు మినిట్ల చుక్క దాదాపు 11.6 మిల్లీమీటర్లు కప్పుతుంది. పోటీ లక్ష్యపత్రంలో పది మార్కుల వలయం 11.5 మిల్లీమీటర్లే కాబట్టి గురిపెట్టవలసిన చోటు ఆ చుక్క కిందనే మాయమవుతుంది. రెండు మినిట్ల చుక్క మేలు. స్ప్రింగు పిస్తోలు మొదట వెనక్కి తన్ని, పిస్టన్ ఆగగానే ముందుకు తన్నుతుంది. ఆ రెండవ తాపుకు తట్టుకుంటుందని తయారీదారు చెప్పిన సాధనాన్నే ఎంచుకోవాలి. పిస్తోలు మీది గాడి 11 మిల్లీమీటర్లదో, వెడల్పు పికటినీ పట్టాయో చూడకుండా కొంటే బిగింపే కుదరదు.

తాత్పర్యం: ఇన్ని రెట్లూ ఇన్ని మిల్లీమీటర్లూ వల్లించే సూత్రకారులు ఒక్క మాట దాచిపెడతారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలో అంతర్జాతీయ నియమం ప్రకారం కటకాల స్కోపూ, ఎర్ర చుక్కా రెండూ నిషిద్ధాలు. వెనుక గాడి, ముందు పలక గల ఓపెన్ సైట్ ఒక్కటే అనుమతం. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ ఈ పోటీలో రజతం గెలిచింది ఆ ఇనుప పలక మీద చూపు నిలిపే. ఇంట్లో సరదాగా డబ్బా కొట్టేవాడు చుక్క పెట్టుకుంటే ఎవరికీ నష్టం లేదు. కాని పోటీకి పోవాలనుకున్న పిల్లవాని తండ్రి చేత ముందు స్కోపు కొనిపించి, నియమాన్ని పోటీ వాకిట్లో తెలుసుకోనివ్వడం అజ్ఞానం కాదు, వ్యాపారం. కొనేముందు అడగవలసిన ప్రశ్న ‘ఎన్ని రెట్లు?’ అన్నది కాదు, ‘దేనికోసం?’ అన్నది, అమ్మేవాడు ముందుగా అడగనిదీ అదే.