రికవరీ ఎంతొచ్చింది?

రికవరీ అనే ఇంగ్లిషు మాటకు నిఘంటువులు కోలుకోవడం, తిరిగి రాబట్టుకోవడం అని రెండర్థాలు చెప్పి ఊరుకుంటాయి. నిజామాబాద్ జిల్లాలో దాని సంసారం ఇంకా పెద్దది. ఆసుపత్రిలో రోగి రికవరీ అవుతాడు, ఠాణాలో దొంగసొత్తు అవుతుంది, బ్యాంకులో అప్పు అవుతుంది. మొదటిదానికి పండ్లు పట్టుకుని పోతారు. చివరిదానికి జీపు వేసుకుని వస్తారు.

బోధన్ వైపు ఈ మాట చెరకులోంచే పుట్టింది. వంద కిలోల చెరకు ఆడిస్తే ఎన్ని కిలోల చక్కెర దిగిందో అదే రికవరీ. 2025-26 సీజనుకు కేంద్రం కట్టిన ధర క్వింటాలుకు 355 రూపాయలు, అదీ 10.25 శాతం రికవరీ ఉంటే. తగ్గినకొద్దీ ధరా దిగుతుంది. 9.5 శాతానికి దిగువన మాత్రం 329 రూపాయల 5 పైసల దగ్గర ఆగుతుంది. కొట్టిన చెరకు ఎండలో ఎంతసేపు పడి ఉంటే తీపి అంత చస్తుంది. కటింగ్ ఆర్డరు ఇచ్చేది ఫ్యాక్టరీ, బండ్లను గేటు ముందు నిలబెట్టేది ఫ్యాక్టరీ, రికవరీ లెక్క కట్టేదీ ఫ్యాక్టరీయే. తక్కువొస్తే తప్పు చెరకుది.

రాబట్టుకోవడం అనే అర్థానికి చట్టం అండ కూడా ఉంది. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో పైసలివ్వాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ. మొండికేసిన మిల్లు నుంచి భూమి శిస్తు బకాయిలాగే వసూలు చేయొచ్చు. రైతు బాకీపడితే ఈ క్రియ వర్తమానంలో నడుస్తుంది, రైతుకు బాకీపడితే భవిష్యత్తులో.

ఇక కోలుకోవడం. బోధన్‌ శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్స్‌కు ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. వైద్యం అయ్యాక రోగి మంచం పట్టినట్టు 2015 డిసెంబరులో లేఆఫ్ వచ్చింది. చట్టంలో లేఆఫ్ అంటే తాత్కాలికంగా పని చూపలేకపోవడం. ఈ తాత్కాలికం నాలుగో ఏట ఉండగానే, 2019లో, లిక్విడేషన్ ఆదేశమూ వచ్చింది. 2024 జనవరిలో పునరుద్ధరణకు మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేశారు.

ఈలోగా చెరకు మళ్లలో చాలావాటికి వరి, సోయా వచ్చాయి. గేటు తెరిచినా ఆడించడానికి చెరకు కావాలి. నాటిన చెరకు కొట్టుడుకు రావడానికి పది పన్నెండు నెలలు పడుతుంది.