నార నిలువు, వాపు అడ్డం

నేను బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉండే టేకు బీరువాను. పుట్టింది వాల్తేరులో, బదిలీ మీద వచ్చిన తెలుగు కుటుంబం సామానుతో ఇక్కడికి చేరాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఈ ఊరితో మనవాళ్ళకు కొలువుల బంధం ఉంది. 1931లో పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా లైను పడ్డాక దారీ దగ్గరైంది. నా ఆయుష్షు మాత్రం వడ్రంగి ఏ పలకను ఏ దిక్కుకు తిప్పాడన్న దాని మీదే ఆధారపడింది. చెక్క నార అందంగా కనబడాలనే అలా తిప్పుతారని చాలామంది నమ్మకం. నిజానికి చెక్క ఎటు ఉబ్బుతుందో ముందే లెక్కగట్టి తిప్పుతారు. అందం తర్వాతి సంగతి.

చెట్టును కొట్టేసినా చెక్కకు తేమతో బంధం తెగదు. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో వదిలి కుంచించుకుంటుంది. నార పొడవునా మాత్రం ఈ మార్పు లేనట్టే: పచ్చి దుంగ పూర్తిగా ఎండినా మామూలుగా 0.1, 0.2 శాతం. నారకు అడ్డంగా అయితే టేకు వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, చేవ నుంచి బెరడు వైపుకు 2.5 శాతం తగ్గుతుంది. నా పక్కపలక లోతు 40 సెంటీమీటర్లు. సముద్రపు గాలి నుంచి ఇక్కడి మే నెల వడగాలిలోకి వచ్చి, చెక్కలోని తేమ ఆరు శాతం పడిపోయిందనుకోండి. వలయాల వెంబడి కోసిన పలక నాలుగైదు మిల్లీమీటర్లు తగ్గుతుంది. పక్కపలకల నార నిలువుగా, పైపలక, అడుగుపలకల నార ఎడమ నుంచి కుడికి ఉంటే అన్నీ లోతులోనే, ఒకే తీరున తగ్గుతాయి. అతుకుల మీద లాగుడు ఉండదు. అదే పక్కపలకల నారను ముందు నుంచి వెనక్కి పెట్టి ఉంటే ఆరడుగుల ఎత్తులోనే రెండు సెంటీమీటర్ల తేడా వచ్చేది. పక్కనున్న నిలువు చట్రం కదలదు కాబట్టి పలక పగలక తప్పదు.

జిగురు గట్టిగా పూసి మరమేకులు బిగిస్తే చాలదా అంటారు. మంచి జిగురు చెక్క కంటే గట్టిది, చిక్కంతా అక్కడే. అతుకు వదలదు గనక చెక్కే చీలుతుంది. పాలిష్ ఆపుతుందన్న మాట సగమే నిజం. అది తేమను ఆలస్యం చేస్తుంది, అడ్డుకోదు. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి ఈ బాధ చాలా తక్కువ, అది ఒప్పుకోవాలి. కానీ ఆ వెసులుబాటును అసలు చెక్కకు అంటగట్టి నారను ఇష్టం వచ్చినట్టు తిప్పడం పొరపాటు. గట్టి చెక్క అయితే చాలదా అనేవాళ్ళకు ఛత్తీస్‌గఢ్ సాల్ చెక్కే జవాబు. రైలు పట్టాల కింద స్లీపర్లుగా అది పేరు పొందింది, కానీ ఆరబెట్టేటప్పుడు పగుళ్ళతో ఏడిపిస్తుంది. సొరుగుల ముఖాల మీద మాత్రం కంటికి నచ్చినట్టు నారను పెట్టుకోవచ్చు: ఎత్తు తక్కువ, చుట్టూ సందు వదిలితే సరి.

తలుపులకు మరో ఉపాయం ఉంది. చట్రానికి గాడి తీసి పలకను జిగురు లేకుండా అందులో వదులుగా నిలబెడతారు, గాడిలో అది స్వేచ్ఛగా జరుగుతుంది. ఇందులో తెలివైన వడ్రంగి మరచిపోని పని ఒకటుంది: చట్రంలో కూర్చే ముందే పలక అంచులకు పాలిష్ పట్టాలి. లేకపోతే వేసవిలో పలక తగ్గి, పాలిష్ తగలని లేతరంగు గీత గాడి పక్కన బయటపడుతుంది.