రకునాయ్ ఉపదేశి

2025 అక్టోబర్ 19న రోమ్‌లో పోపు పద్నాలుగవ లియో పీటర్ టో రోట్‌ని పునీతుడిగా ప్రకటించారు. పాపువా న్యూ గినీకి ఆయనే తొలి పునీతుడు. ఫాదర్ కాదు, బిషప్ కాదు. ఫాదర్‌గారు రాలేని ఆదివారాల్లో మన పల్లెల్లో గుడి తలుపు తీసి, పిల్లలచేత జపాలు వల్లె వేయించి, ఎవరింట్లో చావు జరిగినా ముందుగా వెళ్ళి నిలబడే ఉపదేశి ఉంటాడే, ఆయనా అలాంటి ఉపదేశే.

న్యూ బ్రిటన్ దీవిలో, రబౌల్ దగ్గర రకునాయ్ ఆయన ఊరు. కుర్రవాడి భక్తి చూసి ఫాదర్‌గారు గురువిద్యకు పంపుదామన్నారు. ఊరి పెద్ద అయిన తండ్రి ఒప్పుకోలేదు. మావాళ్ళలో గురువులు రావడానికి ఇంకా సమయం కాలేదు, కావాలంటే ఉపదేశిని చెయ్యండి అన్నాడు. అలా 1930లో, పద్దెనిమిదేళ్ళప్పుడు, తాలిలిగాప్‌లో మిషనరీల శిక్షణ బడిలో చేరాడు. జపం, చదువు, తోటపని. మూడేళ్ళకు ఊరికి తిరిగొచ్చి బడి చెప్పుకుంటూ, పెళ్ళి చేసుకుని, పిల్లల తండ్రయ్యాడు.

1942లో జపాన్ సైన్యం దిగింది. మిషనరీలందరినీ పట్టుకెళ్ళింది. వెళ్తూ వెళ్తూ విచారణ గురువు ఊరిని ఈ ముప్పయ్యేళ్ళ ఉపదేశి చేతిలో పెట్టాడు. ఆ మూడేళ్ళ చదువుకి ఎంత బరువు! జ్ఞానస్నానాలు ఆయనే ఇచ్చాడు, పెళ్ళిళ్ళు ఆయనే జరిపించాడు, మంచం పట్టినవాళ్ళ దగ్గర ఆయనే కూర్చున్నాడు. ఎవరికి జ్ఞానస్నానమైందో, ఎవరికి పెళ్ళయిందో పుస్తకంలో జాగ్రత్తగా రాసి పెట్టాడు. గుడి పోతే అడవిలో కొమ్మలతో ఇంకో గుడి కట్టాడు. ప్రార్థనలు నిషేధిస్తే చీకట్లో, గుహల్లో జరిపించాడు. ఇద్దరు భార్యలను కట్టుకోవచ్చని సైన్యం అనుమతిస్తే, కూడదని మొహం మీదే చెప్పాడు.

1945లో అరెస్టు చేశారు. రెండు నెలల జైలు. ఒకరోజు చూడటానికొచ్చిన తల్లితో అన్నాడు: డాక్టరొచ్చి మందిస్తాడట, నాకేమో జబ్బే లేదు. ఆ రాత్రి సూది వేశారు, ఏదో తాగించారు. తెల్లారాక జబ్బుతో పోయాడని కబురు పెట్టారు.

మట్టి చేసే వేళకు జనం విరగబడి వచ్చారు. పోలీసులు కాపలా నిలబడ్డారు. ఒక్క జపం లేదు, ఒక్క పాట లేదు. అంతకుముందు ఎన్ని నిషేధాలున్నా ఆ ఊళ్ళో జపం ఆగలేదు, చెప్పే మనిషి ఉన్నాడు.

ఆ రోజు ఆ మనిషి గోతిలో ఉన్నాడు.