ఇంటర్లూడు పద్యం: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
పల్లవి ముగిసినది, వచ్చె నింటర్లూడు,
మాట లాపు మనుచు మందలించు;
చరణమునకు ముందె చయ్యన మరలించు;
రాజభక్తు నింట రాత్రి లేదు.

అవతారిక

ఇది సంగీత దర్శకుడు ఇళయరాజా అభిమాని లక్షణం చెప్పే పద్యం. ఇందులోని కాలం క్యాసెట్ల కాలం, అంటే 1980ల నుంచి 90ల నడిమి దాకా. సినిమా పాట అభిమానుల్లో తెగలు చాలా ఉన్నాయి. గాయకుణ్ణి పట్టుకున్నవారు ఒక తెగ, కవిని పట్టుకున్నవారు ఒక తెగ, హీరోను పట్టుకుని పాట దాకా వచ్చినవారు అన్నిటికన్నా పెద్ద తెగ. వీరందరూ మనిషి గొంతు వినిపించే చోట చెవి ఒగ్గుతారు. ఈ పద్యంలోని వ్యక్తి గొంతు ఆగిన చోట చెవి ఒగ్గుతాడు. ఆ ఒక్క తేడా చెప్పడానికే నాలుగు పాదాలూ పుట్టాయి.

ప్రతిపదార్థం

పల్లవి = పాట ఎత్తుగడ; ముగిసినది = అయిపోయినది (హమ్మయ్య అని భావం); ఇంటర్లూడు = పల్లవికీ చరణానికీ నడుమ వాద్యాలు మాత్రమే మోగే భాగం; వచ్చెన్ = రానే వచ్చినది; మాటలు = పాలవాడి లెక్క, పెళ్లి సంబంధం, పరీక్ష ఫలితం మొదలైన ఇంటి సంభాషణలు; ఆపుము అనుచు = కట్టిపెట్టండి అంటూ; మందలించున్ = చూపుడు వేలు పైకెత్తి కసురును; చరణమునకు ముందె = గాయకుడు మళ్లీ నోరు తెరిచే లోపలే; చయ్యన = తటాలున; మరలించున్ = టేపును వెనక్కి చుట్టును; రాజభక్తు నింట = ఇళయరాజాయందు భక్తి గలవాని గృహమున; రాత్రి = నిద్రకు తగిన కాలము; లేదు = లేదు.

తాత్పర్యం

పల్లవి అయిపోయి వాద్యఖండం మొదలుకాగానే రాజా అభిమాని ఇంట్లో అందరి నోళ్లూ మూయిస్తాడు. చరణం అందుకునే లోపు టేపు వెనక్కి తిప్పి ఆ ఖండమే మళ్లీ వింటాడు. అందువల్ల ఆ ఇంట ఎవరూ నిద్రపోరు.

పదవిచారం

'ముగిసినది' అన్న క్రియ చూడదగ్గది. పల్లవి పాడింది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం కావచ్చు, ఎస్. జానకి కావచ్చు. అయినా 'మురిపించినది' అని గానీ 'అలరించినది' అని గానీ కవి అనలేదు. బస్సు కోసం నిలబడ్డవాడికి ముందు వెళ్లిన లారీ ఎంతో, ఈ అభిమానికి పల్లవి అంత. ఇది గాయకులకు అన్యాయమే. 'సాగర సంగమం' (1983)లో పాడినందుకు బాలసుబ్రహ్మణ్యానికీ, 'సితార' (1984)లో పాడినందుకు జానకికీ జాతీయ అవార్డులు వచ్చాయి. రెండు సినిమాలకూ సంగీతం ఇళయరాజాదే. రాజభక్తుడు ఆ అవార్డులను కాదనడు. చప్పట్లు కొట్టి, టేపును మాత్రం వాద్యఖండం దగ్గర ఆపుతాడు.

'ఇంటర్లూడు' ఏకవచనం కావడం వల్ల ఒక శంక. సాధారణంగా పాటకు రెండు చరణాలుంటాయి కనుక వాద్యఖండాలూ రెండు. ఇళయరాజా పాటల్లో మొదటి ఖండమే రెండోసారీ వచ్చేయడం అరుదు. రెండూ వేర్వేరుగా కట్టినవే ఎక్కువ. అలాంటప్పుడు బహువచనం ఉండాలి కదా? ఉండనక్కర్లేదు. 'చరణమునకు ముందె' మరలిస్తున్నాడు గనుక ఇతడు మొదటి చరణం దాటనే లేదు. రెండో ఖండం అతని కోసం టేపులో కాచుకునే ఉంది, దాని వంతు వచ్చేసరికి తెల్లవారుతుంది. నాలుగో పాదంలోని 'రాత్రి లేదు' అన్న మాటకు మూడో పాదమే హేతువని దీనివల్ల తేలుతున్నది.

'మందలించు', 'మరలించు' అన్న క్రియలకు పద్యంలో కర్త లేడు; నాలుగో పాదంలోని భక్తుణ్ణే తెచ్చుకోవాలి. ఇవి విధిరూపాలు కూడా కావచ్చునని కొందరంటారు. అప్పుడు 'ఓయీ, నీవు మందలించుము, నీవు మరలించుము' అని అర్థం వచ్చి, పద్యం అభిమాని లక్షణం కాక అభిమానులకు నియమావళి అవుతుంది. ఆచరణలో రెండు అర్థాలకూ ఒకటే ఫలితం.

'మరలించు' అన్నది చిన్న పని కాదు. క్యాసెట్టులో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. ఇంటర్లూడు 25 సెకన్లదనుకుంటే దాని పొడవు 119 సెంటీమీటర్లు, సుమారు రెండున్నర మూరలు. అంత కొలతను చూడకుండా, చెవి ఆనవాలుతో వెనక్కి లాగి సరిగ్గా పల్లవి చివరి అక్షరం మీద ఆపాలి. మంచి టేప్‌రికార్డరుకు మూడంకెల కౌంటరు ఉండేది. దాన్ని సున్నాకు తెచ్చుకుని లెక్క పెట్టుకునేవారు మధ్యములు. ప్లే మీట నొక్కి ఉంచే రివైండు తట్టి, ఆ కీచుమనే చప్పుడులోనే స్థలం పోల్చుకునేవారు ఉత్తములు. పదే పదే అరిగి టేపు సాగిపోతే పెన్సిలుతో చుట్టుకోవడం అందరికీ సమానం. ఇలాంటివాడి క్యాసెట్టు ఎరువు తెచ్చుకున్నవారికి ఒక వింత కనిపించేది: చరణాలు కొత్తగా మెరుస్తూ ఉంటాయి, వాటి నడుమ వయొలిన్లు మాత్రం మసకబారి ఉంటాయి.

'రాజ' శబ్ద విచారం

సంస్కృతంలో రాజశబ్దానికి చంద్రుడనే అర్థమూ ఉంది. ఆ అర్థం తీసుకుంటే చంద్రుని భక్తుడి ఇంట రాత్రి లేదని వస్తుంది. చంద్రుణ్ణి కొలిచేవాడికి రాత్రే లేకపోతే కొలవడమెట్లా? పైకి విరోధం. ఇక్కడ రాజ అంటే ఇళయరాజా అనుకోగానే విరోధం పోతుంది కనుక ఇది విరోధాభాసాలంకారం. మొదటి మూడు పాదాల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పడం వల్ల స్వభావోక్తి. నాలుగోది అతిశయోక్తి అని ఎవరైనా అంటే, వారు అలాంటి ఇంటి పక్క వాటాలో ఎన్నడూ అద్దెకు లేరన్నమాట.

ఇళయరాజా అన్న పేరు వెనుక కూడా కథ ఉంది. 1976లో వచ్చిన తమిళ చిత్రం 'అన్నక్కిళి' ఇతని మొదటి సినిమా. అప్పటికే సినిమా సంగీతంలో ఏ.ఎం. రాజా ఉన్నారు, 'మిస్సమ్మ' (1955) పాటలు విన్న తెలుగువారికి ఆ గొంతు కొత్త కాదు. ఇద్దరు రాజాలు కలగాపులగం కాకూడదని ఆ చిత్ర నిర్మాత పంజు అరుణాచలం ఈ రాజాకు ముందు 'ఇళయ' అని, చిన్నవాడన్న అర్థంలో చేర్చారు. పద్యంలో ఆ విశేషణం లేకపోవడానికి కారణం ఛందస్సు ఒక్కటే కాదు. అభిమానుల వాడుకలో ఆయన ఎప్పుడూ 'రాజా సార్' మాత్రమే.

పూర్వపక్ష సిద్ధాంతాలు

సాహిత్యవాది పూర్వపక్షం: పాటకు ప్రాణం మాట. వేటూరి 'గీతాంజలి' (1989)కి, సిరివెన్నెల 'రుద్రవీణ' (1988)కి రాసినది వదిలి, మాట లేని నడుమ భాగం కోసం టేపు అరగదీయడం పప్పు వదిలి తాలింపు ఏరుకుని తిన్నట్టు ఉంది.

సిద్ధాంతం: తాలింపు అనడంలోనే పొరపాటు. సినిమా సంగీతంలో బాణీ కట్టేది ఒకరు, దానికి వాద్యాలు అమర్చేది మరొకరు కావడం మామూలు. ఆ రెండోవారిని అరేంజర్ అంటారు. అక్కడ ఇంటర్లూడు నిజంగానే పైన చల్లినది కావచ్చు. ఇళయరాజా పద్ధతి వేరు. పేరు రాకముందు జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా చేశారు, సలిల్ చౌదరి వంటివారి పాటలకు గిటారు వాయించారు, మద్రాసులో ధన్‌రాజ్ మాస్టరు దగ్గర పాశ్చాత్య సంగీతం చదివారు. ఆ చదువు ఫలితంగా ఏ వయొలిన్ ఏ స్వరం పలకాలో, బాస్ గిటారు ఎక్కడ దిగాలో, వేణువు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అంతా స్టాఫ్ నొటేషన్‌లో ఆయనే రాసి చేతికిస్తారు. వాద్యకారులు ఆ కాగితం చూసి వాయిస్తారు. కనుక వాద్యఖండం కూడా బాణీ ఎంతో అంత ఆయన రచనే. పల్లవిలో కవి ఉన్నాడు, గాయకుడు ఉన్నాడు, కథ ఉంది. ఇంటర్లూడులో ఇళయరాజా ఒక్కడే ఉన్నాడు. భక్తుడు దేవుడు ఒంటరిగా దొరికే చోటుకే వెళ్తాడు.

ఇంకొక హేతువు. ఇళయరాజా అల్లికలో ఒక రాగఖండం నడుస్తుండగా దానికి ఎదురుగా, దానితో పేచీ పడకుండా మరొకటి నడుస్తుంది. పాశ్చాత్యులు దాన్ని కౌంటర్‌పాయింట్ అంటారు. ఒకసారి వింటే పై వయొలిన్లే తెలుస్తాయి. రెండోసారి కింద బాస్ గిటారు సొంత దారిలో పోవడం తెలుస్తుంది. మూడోసారి ఆ రెండింటి మధ్య వేణువు దూరడం తెలుస్తుంది. కాబట్టి మరలించడం వ్యసనం కాదు, పఠనవిధి. మాటలకు అర్థం ఒక్కసారికే తెలుస్తుంది గనుక సాహిత్యవాదికి ఈ అవసరం పడలేదంతే.

సాహిత్యవాది దీనికి ఒప్పుకున్నట్టు ఎక్కడా కనిపించదు.

రసవిచారం

స్థాయి రతి, అయితే అది నాదవిషయకం. ఇంటర్లూడు ఆలంబనం, ఇంట్లో కరెంటు ఉండడం ఉద్దీపనం, పైకెత్తిన వేలు అనుభావం, రోమాంచం సాత్త్వికం. సంచారుల్లో ఔత్సుక్యానికి, అమర్షానికి పెద్దపీట. రసం శృంగారమని తేలుతున్నది. ఇంటిల్లిపాదికీ మాత్రం ఇదే పద్యం మొదట రౌద్రం, పది నిమిషాలకు కరుణం.

పాఠభేదం

కొన్ని ప్రతుల్లో చివరి పాదం 'రాజభక్తు నింట రాత్రి పగలె' అని ఉండవచ్చు. గణాలు చెడవు, యతి చెడదు. అర్థంలో మాత్రం కొరత: పగలైతే పనికి పోతాడు. 'రాత్రి లేదు' అన్నదే సాధుపాఠం.

ఛందస్సు

ఆటవెలది. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. మొదటి పాదం చివర 'వచ్చె నిం' రగణం, 'టర్లూడు' తగణం. ఇంగ్లీషు మాట రెండు గణాల మీద కాళ్లు చాచుకుని కూర్చుంది. దేశికవితలో పదం ఇలా విరగడం దోషం కాదు. 'పల్లవి'లోని పకారానికి 'వచ్చె'లోని వకారంతో యతి. పల్లవిని తోసిరాజన్న వచ్చెకూ పల్లవికే మైత్రి కుదరడం కవి ఉద్దేశించిందో లేదో తెలియకపోయినా, వ్యాఖ్యాత ఎత్తి చూపక తప్పదు.

ప్రసక్తాంశం: గానం లేని కృతులు, సభలు

పల్లవీ చరణమూ అసలు లేకపోతే ఈ అభిమాని ఏం చేస్తాడు? దానికి జవాబు 1986లో వచ్చిన 'హౌ టు నేమ్ ఇట్'. గాయకులు లేని ఆ ఆల్బమ్‌ను త్యాగరాజస్వామికీ, జర్మనీ స్వరకర్త బాక్‌కూ అంకితమిచ్చారు. అందులో ఒక రచన పేరు 'ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్'. తరువాత 1988లో హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో 'నథింగ్ బట్ విండ్' వచ్చింది. పద్యం దృష్టిలో ఇవి అట్ట నుంచి అట్ట దాకా ఇంటర్లూడు. ఎక్కడ మరలించాలో తెలియక భక్తుడు క్యాసెట్టు మొత్తం తిప్పి తిప్పి వేశాడు. లండన్‌లో 2025 మార్చి 8న రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాయించిన సింఫనీ 'వేలియంట్' కూడా ఈ కోవలోదే. సినిమాలో నటులు మాట్లాడని చోట వినిపించే సంగీతం ఇంటర్లూడుకు చెల్లెలు. 2009 చిత్రాలకు నేపథ్య సంగీతానికి వేరుగా ఇచ్చిన జాతీయ అవార్డు మలయాళం 'పళసి రాజా'కు గాను ఇళయరాజాకే వచ్చింది.

కచేరీలో పరిస్థితి తారుమారు. గచ్చిబౌలి స్టేడియంలో మాటలాపుమని వేలమందిని మందలించడం కుదరదు, మరలించడానికి మీటా లేదు. అయితే ఆ లోటు స్వామివారే తీరుస్తారు. వేదిక మీద గాయకులో వాద్యకారులో తప్పితే ఇళయరాజా పాట ఆపి, తప్పు చెప్పి, మళ్లీ మొదటి నుంచి ఎత్తిస్తారు. టికెట్టు కొన్న మామూలు శ్రోత దీన్ని అంతరాయం అనుకుంటాడు. రాజభక్తుడు ఒకే ఇంటర్లూడు రెండుసార్లు వినే యోగం పట్టిందని లెక్క వేసుకుంటాడు.

ఉత్తరభాగం

పద్యంలో ఒక లోపం ఉంది, అది చెప్పి టీక ముగించాలి. ఇంటర్లూడు 'వచ్చె'నన్నాడు కవి. ఎవరు తెచ్చారో అనలేదు. రాసింది ఇళయరాజా. వాయించినవారు వేరు. వయొలిన్ వి.ఎస్. నరసింహన్, వేణువు నెపోలియన్, కీబోర్డు విజి మాన్యుయేల్, డ్రమ్స్ పురుషోత్తమన్, బాస్ గిటారు శశిధరన్. అరుణ్‌మొళి పేరుతో పాడింది కూడా ఈ నెపోలియనే. కాగితం మీది చుక్కలను ఇంటింటా రాత్రి లేకుండా చేసే నాదంగా మార్చినవారు వీరూ, వీరి పక్కన వరసలుగా కూర్చున్న వయొలిన్లవారూ. క్యాసెట్టు అట్ట మీద సినిమా పేరు, తారలు, కవి, గాయకులు, సంగీత దర్శకుడు ఉండేవారు. వీరికి చోటుండేది కాదు. ఇప్పుడు ఫోనులో పాట వెతికినా సాధారణంగా అంతే, మరలించడం మాత్రం వేలితో తేలికైంది. ఆ పాటల హక్కులున్న కంపెనీలు అప్పటి వాద్యకారులు ఉండగానే వారిని అడిగి, ఏ పాటలో ఏ వాద్యం ఎవరు వాయించారో రాయించి, గాయకుల పేర్ల కిందే అచ్చు వేయాలి.